చిన్నా, నీ నేలమాళిగ ఆట గురించి

చిరంజీవి చిన్నాకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన బిల్డ్ ఆడాను. ఒకపక్క ఇంజినీరింగ్ చదువుకుంటూ, ఒక్కడివే ఇంతవరకు తెచ్చావంటే నాకు చాలా గర్వంగా ఉంది. హీరోని నేలమాళిగలోకి దింపి వదిలేస్తే వాడే పోరాడే ఆట కదా నీది. మనం ముట్టుకోకపోయినా తనంతట తానే సాగే ఐడిల్ గేమ్‌నీ, చస్తే మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన రోగ్‌లైక్‌నీ ఇలా కలిపితే నిలబడుతుందా అని అడిగావు. నిలబడుతుంది. అయితే ఆటగాడు ఫోన్ పక్కన పెట్టాక కూడా అతని మాట లోపల చెల్లాలి. నీ గేమ్‌లో ఇంకా లోటుగా ఉన్నది అదే.

ముందు బాగున్నవి చెబుతాను. ఐడిల్ గేమ్ కొన్నాళ్లకు విసుగు పుట్టేది ఏం జరగబోతోందో ముందే తెలిసిపోవడం వల్ల. 2013లో వచ్చిన కుకీ క్లిక్కర్‌లో ఏ భవనం కొన్నా, అదే రకం ఇంకొకటి కొనాలంటే ధర 15 శాతం పెరుగుతుంది. ఓపిక ఉంటే ఎప్పటికైనా కొంటాం, ఓటమి అనేదే లేదు. రోగ్‌లైక్‌లకు ఆ పేరు తెచ్చిన 1980 నాటి రోగ్ అనే ఆట దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ప్రతి ఆటకీ నేలమాళిగ కొత్తగా పుడుతుంది. దొరికిన సీసాలో మందుందో, కీడు చేసేదుందో తాగితే గాని తెలియదు. చచ్చిపోతే మళ్లీ మొదటి అంతస్తే. ఆ టెన్షన్ నీ గేమ్‌లోకి వచ్చింది. ఫోన్ జేబులో పడేశాక కూడా లోపల వాడు ఏమయ్యాడో అని మనసు అటే లాగుతోంది.

ఇంకోటి కూడా భలే కుదిరింది. ఐడిల్ గేముల్లో ప్రెస్టీజ్ ఉంటుంది కదా, సంపాదించినదంతా వదిలేసి మొదటికి వచ్చి, బదులుగా శాశ్వత బలం తీసుకోవడం. చాలా వాటిలో అది అతికించినట్టు ఉంటుంది. నీ దాంట్లో హీరో చావే ప్రెస్టీజ్. మొదటికి ఎందుకు రావాలో ఎవరికీ వివరించక్కర్లేదు.

కానీ చచ్చిన ప్రతిసారీ దాడి శక్తి 10 శాతం పెంచుతున్నావు. కాసేపటికి నేను హీరోని కావాలనే చావుకు పంపడం మొదలుపెట్టాను, అదే లాభసాటిగా ఉంది మరి. చావంటే భయం పోయాక రోగ్‌లైక్‌లో మిగిలేదేముంది? బహుమతిగా అంకెలు పెంచకు. కొత్త ఆయుధమో, కొత్త రకం హీరోనో ఇవ్వు. 2021లో వచ్చిన లూప్ హీరో ఒకసారి ఆడి చూడు. అందులోనూ హీరో చుట్టు తిరిగే దారిలో తనే నడుస్తాడు, తనే పోరాడతాడు. శిబిరం దగ్గర ఆగి వెనక్కి వెళ్తే సరుకంతా దక్కుతుంది, దారి మధ్యలో వదిలేస్తే 60 శాతం, చస్తే 30 శాతమే. ఇంకో చుట్టు తిరగాలా వద్దా అని ఆటగాడు గోళ్లు కొరుక్కుంటాడు. నీ గేమ్‌లో వెనక్కి రావడమనేదే లేదు. అది తప్పనిసరిగా పెట్టాలి.

మొన్న నెహ్రూ బస్‌స్టేషన్‌లో గుంటూరు బస్సెక్కగానే హీరోని దింపి ఫోన్ జేబులో పెట్టాను. కాజ టోల్‌గేట్ దగ్గర తీసి చూస్తే తెర మీద ‘హీరో మరణించాడు. అంతస్తు 7. నాణేలు 340’ అని ఉంది, అంతే. ఎవరు చంపారు, ఎలా చంపారు, ఏమీ లేదు. సంచి తెరిస్తే రెండు ప్రాణం సీసాలు మూత కూడా తియ్యకుండా అలాగే ఉన్నాయి! నాకు చాలా బాధేసింది.

రోగ్‌లైక్‌లో చస్తే ఆటగాడు ఒప్పుకుంటాడు, ప్రతి అడుగూ తనే వేయించాడు కాబట్టి. ఇక్కడ అడుగులు వేయించేది నీ కోడ్. అందుకని దించే ముందే ఆటగాడి చేత ఆజ్ఞలు రాయించు. ప్రాణం 30 శాతానికి పడితే సీసా తాగు. సీసాలు అయిపోతే పైకి వచ్చెయ్. విషపు సాలీడు కనిపిస్తే ఆ గది వదిలెయ్. మొదట్లో రెండు ఆజ్ఞలకే చోటివ్వు, ఆ తర్వాత నీ ఆటలో పోగయ్యే ఆత్మలతో మూడోది, నాలుగోది కొనుక్కోనివ్వు. చనిపోయాక చివరి పది దెబ్బల చిట్టా చూపించు. ‘అయ్యో, 30 కాదు, 45 పెట్టాల్సింది’ అనుకున్నవాడు వెంటనే మళ్లీ దింపుతాడు. ఇదేదీ లేకపోతే 2002 నాటి ప్రోగ్రెస్ క్వెస్ట్ అవుతుంది. అందులో పాత్రను తయారుచేశాక ఆటగాడికి పనే ఉండదు. వాళ్లు వెక్కిరింపుగా, కావాలనే అలా తీశారు. నువ్వు తీస్తున్నది అది కాదు కదా.

మ్యాపుల మీద ఎంత కష్టపడ్డావో తెలుస్తోంది, రహస్య గదులు నిజంగా బాగున్నాయి. కానీ ఫోన్ జేబులో ఉంటే ఆ మలుపులు ఎవరు చూస్తారు నాన్నా? ప్రతిసారీ మారాల్సినది ఆజ్ఞలను మార్పించేది కావాలి, అంటే రాక్షసుల రకం, ఆ నేలమాళిగకున్న శాపం లాంటివి. అవన్నీ ముందే చెప్పెయ్యకు. మీ మిర్చి యార్డులో టిక్కీ బస్తాలోంచి గుప్పెడు తీసి చూసి ధర కట్టినట్టు, కొంత చూపించి మిగతాది ఊహించుకోనివ్వు.

హీరో బ్యాక్‌గ్రౌండ్‌లో నిజంగా నడవక్కర్లేదు, ఆండ్రాయిడ్ ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు ఆపేస్తుంది. దింపిన సమయం, సీడ్ (ఆటలో యాదృచ్ఛికంగా జరిగేవన్నీ పుట్టించే మూల సంఖ్య), ఆజ్ఞలు సేవ్ చేసి, యాప్ తెరిచినప్పుడు గడిచిన సమయానికి లెక్క కట్టు. సీడ్ మాత్రం దింపేటప్పుడే ఖాయం చెయ్యి. లేకపోతే మంచి ఫలితం వచ్చేదాకా యాప్ మూసి తెరుస్తూనే ఉంటారు.

యాడ్ చూస్తే హీరో బతికేలా పెట్టమని మీ ఫ్రెండ్ అన్నాడట. దయచేసి వద్దు. ఆ బటన్ వచ్చిన రోజు నుంచి హీరో ఎందుకు చచ్చినా యాడ్ కోసమే చంపారని అనుకుంటారు, నువ్వు రాసిన చిట్టా ఎవరూ చదవరు.

ముందు ఆజ్ఞలు, వెనక్కి రావడం, చిట్టా, ఈ మూడూ చేసి పంపు. మ్యాపుల జోలికి అప్పటిదాకా వెళ్లకు. ఆదివారం బ్రాడీపేట వస్తున్నానని అమ్మకి చెప్పు, ఆజ్ఞల స్క్రీన్ ఇద్దరం కూర్చుని కాగితం మీద గీద్దాం.

ఇట్లు,
మామయ్య
సత్యనారాయణపురం, విజయవాడ