మా బాబు డిశ్చార్జ్ సమ్మరీలో అప్గార్ స్కోరు 6 అని ఉంది. రాత్రి రెండింటికి లేచి ఆ కాగితమే చూస్తున్నాను. పెద్దయ్యాక చదువులో వెనకబడతాడా?

ఆ అంకెని బట్టి అలా చెప్పలేం. బిడ్డ పుట్టగానే గుండె, ఊపిరి, రంగు లాంటివి చూసి పదికి వేసే మార్కులే అప్గార్ స్కోరు. ఆ కాగితం ఫైల్లో పెట్టేసే ముందు ఒక్కసారి ఆ 6 పక్కన ఇంకో అంకె ఉందేమో చూడండి. ఉండే ఉంటుంది. మొదటిది బిడ్డ పుట్టిన నిమిషానికి వేసింది, రెండోది ఐదు నిమిషాలకు వేసింది. మీరు మొదటిదే రాసినట్టున్నారు. అందరూ దాన్నే చూసి హడలిపోతారు. మా ఇంట్లోనూ అదే జరిగింది.

మా పాప 2013లో పుట్టింది. తొలి కాన్పు కాబట్టి పుట్టింట్లోనే, తెనాలిలో. డేటు దాటి ఆరు రోజులైనా నొప్పులు రాలేదు. డాక్టరమ్మ పరీక్ష చేసి, "బిషప్ స్కోరు నాలుగే, జెల్ పెడదాం" అన్నారు. నాతో కాదు, నర్సుతో. నాకు చర్చి బిషప్పులు తప్ప వేరే బిషప్ తెలీదు. గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తబడింది, ఎటు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత దిగింది... వీటికి మార్కులు వేసి, పదమూడులో ఎనిమిది దాటితే నొప్పులు తెప్పించడం తేలిక అంటారట. ఎడ్వర్డ్ బిషప్ అనే అమెరికా డాక్టరు 1964లో చెప్పిన లెక్క అది. ఒళ్ళు నాది, మార్కులు నావి, నాకు తెలిసింది మాత్రం ఏళ్ళ తర్వాత.

మర్నాడు తెల్లవారుజామున పాప పుట్టింది, పేగు మెడలో వేసుకుని. ఏడుపు వినపడలేదు. నర్సు టవల్‌తో వీపు రుద్దుతోంది, ఇంకొకరు మొహానికి మాస్కు పెట్టి గాలి కొడుతున్నారు. ఆ నిశ్శబ్దంలో తలుపు అవతల నుంచి మా అత్తగారి గొంతు: "టైం ఎంతమ్మా? నిమిషంతో సహా రాసుకోండి, జాతకానికి కావాలి." ఆవిడ తప్పేం లేదు, లోపల ఏం జరుగుతోందో ఆవిడకేం తెలుసు? కాసేపటికి పిల్లికూనలా సన్నగా ఓ మూలుగు. ఆ తర్వాతే అసలు ఏడుపు.

మూడో రోజు కాగితాలు చేతికొచ్చాయి. మా మావయ్యగారు రిటైరైన లెక్కల మాస్టారు. కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఏమ్మా, పదికి ఐదేనా?" అన్నారు. మా అమ్మ ఊరుకుంటుందా? "ఐదు నిమిషాల్లో ఎనిమిదికి ఎక్కింది కదా అన్నయ్యగారూ!" అంది. ఆయన తగ్గలేదు. పిల్లల డాక్టరుని ఆపి ఏ సబ్జెక్టులో మార్కులు పోయాయని అడిగారు. డాక్టరు నవ్వి ఒక్కొక్కటే చెప్పారు. గుండె నూరు దాటి కొట్టుకుంటోంది కాబట్టి రెండుకు రెండు. ఊపిరికి ఒకటి, ఒంటి బిగువుకి ఒకటి, ముక్కులో గొట్టం పెట్టినప్పుడు మొహం చిట్లించినందుకు ఒకటి. రంగుకి సున్నా, నీలంగా ఉంది కాబట్టి. అసలు తొలి నిమిషంలో పదికి పది రావడమే అరుదట. చాలామంది పిల్లలకు చేతులూ కాళ్ళూ కాసేపు నీలంగానే ఉంటాయి, అక్కడ ఒక మార్కు పోతుంది. ఇంకో మాట కూడా అన్నారు: "ఊపిరి తీసుకోని బిడ్డకి స్కోరు వేసేదాకా మేం ఆగం, ముందే మొదలుపెడతాం."

అయినా మా తమ్ముడు మాత్రం పూణే నుంచి వచ్చి, నూనెలో పాప మొహం చూశాకే ఎత్తుకున్నాడు. మేనమామ గండం. దానికి ఏ డాక్టరూ స్కోరు కనిపెట్టలేదు.

ఈ అంకెతో బిడ్డ తెలివి చెప్పలేరు. అది ఆ గదిలో ఉన్నవాళ్ళ కోసం వేసుకునే గుర్తు. ఐదో నిమిషంలోనూ ఏడు కంటే తక్కువ ఉంటే ఐదేసి నిమిషాలకోసారి మళ్ళీ వేస్తారు. మీ కాగితంలో అలా ఉంటే ఇక్కడ నన్ను కాదు, పిల్లల డాక్టర్ని అడగండి. మా పాప లెక్కల్లో అంతంతమాత్రమే, కానీ అది నా పోలిక.

వర్జీనియా అప్గార్ న్యూయార్క్‌లో మత్తు డాక్టరు. 1952లో ఈ లెక్క తయారుచేశారు. అప్పట్లో కాన్పు గదిలో అందరి దృష్టీ తల్లి మీదే, పుట్టిన బిడ్డను పద్ధతిగా చూసేవాళ్ళు లేరని ఆవిడ బాధ. మన ఇళ్ళలో ఇప్పుడు తిరగబడింది. బిడ్డ బరువు, జాతకం, రంగు (మళ్ళీ రంగే!) అన్నీ అడుగుతారు. తల్లిని "పాలు పడ్డాయా" అని తప్ప ఇంకేం అడగరు.

నాకు రెండో నెలంతా ఏడుపే. పాప పడుకున్నా నిద్ర పట్టేది కాదు, ఆ ఐదు మార్కులే కళ్ళముందు. అమ్మేమో "బాలింత ఏడవకూడదే, కళ్ళు పోతాయి" అని కోప్పడేది. బాలింతల దిగులుకీ ఒక స్కోరుందని రెండేళ్ళ తర్వాత తెలిసింది. 1987లో స్కాట్లాండ్‌లో తయారైన ఎడిన్‌బరో స్కేలు. పది ప్రశ్నలు, మొత్తం ముప్ఫై, ఇందులో ఎక్కువొస్తేనే ఇబ్బంది. పదమూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్ని కలవాలంటారు. ఆ రోజులు గుర్తుచేసుకుని నింపితే నాకు పంతొమ్మిది వచ్చింది. కాన్పయ్యాక నన్ను చూసిన ఏ ఒక్కరూ అందులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

రాత్రి రెండింటికి లేచి ఆ కాగితమే చూస్తున్నానని మీరు రాశారు. బాబు సంగతి కంటే నాకు ఆ వాక్యం దగ్గరే బెంగగా ఉంది. నెలన్నర టీకాకి ఎలాగూ వెళ్తారుగా, బాబుకి సూది వేయించి వచ్చేయకుండా ఈ నిద్ర సంగతి కూడా డాక్టరు చెవిన వేయండి.