ముద్దాయి ఎవరు? దావా వేసినవాడా, బోనెక్కినవాడా?

సందేహం: మా పక్కింట్లో ఉండే రిటైర్డ్ ఉర్దూ మాస్టారు, "ముద్దయీ అంటే దావా వేసినవాడు. మీ తెలుగు పేపర్లు తలకిందులుగా రాస్తున్నాయి" అని నవ్వుతున్నారు. మన పత్రికల్లో ముద్దాయి అంటే నేరం మీద కేసులో ఇరుక్కున్నవాడు కదా! ఏది సరి? ముద్దాయి, నిందితుడు, నేరస్థుడు, దోషి – ఇవన్నీ ఒకటేనా? స్త్రీ అయితే "ముద్దాయిరాలు" అనవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్లు

సమాధానం: మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. అయినా మన పేపర్లు ఈ ఒక్క మాటలో తప్పు రాయడం లేదు. ఎందుకో చెప్పడానికి కాస్త చుట్టు తిరగాలి.

అరబ్బీలో "పిలుచు" అనే అర్థంలో ఒక ధాతువుంది. దేవుణ్ణి పిలిస్తే దువా, భోజనానికి పిలిస్తే దావత్, "అది నాది" అని నలుగురిలో ఎలుగెత్తితే దావా. ఆ దావా వేసినవాడు ముద్దయీ. ఎవరి మీద వేశాడో ఆ మనిషి ముద్దఆ అలైహ్, అంటే "ఎవనిమీద దావా ఉన్నదో వాడు". వేసిన దావాలోని అసలు సంగతి ముద్దఆ. ఇప్పుడు హిందీ టీవీ చర్చల్లో రోజూ వినబడే "ముద్దా" ఇదే. "ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్" అని సామెత కూడా ఉంది: దావా వేసినవాడు నిద్రపోతుంటే సాక్షి హుషారు పడుతున్నాడని. ఈ సామెతను తెలుగు పేపరు చదివే అలవాటుతో వింటే అర్థం పూర్తిగా తిరగబడుతుంది. మాస్టారి నవ్వుకు అదే కారణం.

మరి ముద్దయీ మన దగ్గరికొచ్చి అవతలి పక్షంలో ఎలా కూర్చున్నాడు? నా ఊహ ఇది. మన కచేరీల్లో మొర పెట్టుకున్నవాడికి అప్పటికే ఫిర్యాది అనే పేరు స్థిరపడింది. ఫర్యాద్ పారసీ మాట, ఆర్తనాదమని అర్థం. సివిలు తగాదాల్లో వాది ఉండనే ఉన్నాడు. ముద్దయీకి ఆ పక్క కుర్చీ ఖాళీ లేదు. ఎదుటివాడి పేరేమో ముద్దఆ అలైహ్. అంత పొడుగు మాటను తెలుగు నోరు తోక కత్తిరించకుండా మింగదు. కత్తిరిస్తే మిగిలేది ముద్దాయి లాంటిదే. ఏ దారిన వచ్చినా ఫలితం ఒకటే: తెలుగులో ఫిర్యాదికి ఎదురుగా నిలబడ్డవాడు ముద్దాయి. తరతరాలుగా తెలుగు జనం ఆ అర్థంలోనే వాడుతున్నారు. అరబ్బీ వ్యుత్పత్తి చూపించి దాన్ని వెనక్కి లాగడం కుదిరే పని కాదు. లాగితే ముద్దాయొక్కడే రాడు. అరబ్బీలో రుజూ అంటే మరలడం, మన రుజువు నిరూపణ. మూలంలో జామిన్ అంటే పూచీపడ్డ మనిషి. మనం ఆ పూచీనే జామీను చేసుకుని, మనిషి కోసం వెనకాల "దారు" తగిలించి జామీనుదారు అన్నాం. మునసబంటే ఇన్సాఫ్ చేసేవాడు, న్యాయం చెప్పేవాడు. 1816 నాటి మద్రాసు రెగ్యులేషను అతన్ని గ్రామ న్యాయాధికారిగా కూర్చోబెట్టింది. 1984లో ఆ పదవి పోయినా ఊళ్ళల్లో "మునసబుగారిల్లు" అన్న గుర్తు పోలేదు.

పరాయి మాటలకే ఇలా జరిగిందనుకుంటారేమో! సంస్కృతం నుంచి తెచ్చుకున్నవాటి కథ ఇంకా విచిత్రం. యాజ్ఞవల్క్య స్మృతిలో వ్యవహారమంటే ఏమిటో చెప్పే శ్లోకం చూడండి:

స్మృత్యాచారవ్యపేతేన మార్గేణాధర్షితః పరైః
ఆవేదయతి చేద్ రాజ్ఞే వ్యవహారపదం హి తత్

స్మృతికీ ఆచారానికీ విరుద్ధంగా ఇతరులు పీడించినప్పుడు మనిషి వెళ్ళి రాజుకు విన్నవించుకుంటే అదే వ్యవహారపదం, అంటే వ్యాజ్యానికి విషయం. ఈ "ఆవేదయతి" నుంచే ఆవేదన. అసలు అర్థం విన్నపం, తెలియజేయడం. హిందీవాళ్ళు దరఖాస్తును ఇప్పటికీ ఆవేదన్ పత్ర్ అనే అంటారు. మనం మాత్రం దాన్ని వేదన పక్కన చేర్చి గుండెకోతగా మార్చుకున్నాం. "రైతుల ఆవేదన" అని శీర్షిక పెట్టే ఉపసంపాదకుడికి తాను ఒక కోర్టు మాట వాడుతున్నానని తెలియదు. తెలియకపోయినా మాట అక్కడ బాగానే అమరింది!

తరవాతి శ్లోకం "ప్రత్యర్థినోఽగ్రతో లేఖ్యం యథావేదితమర్థినా" అని మొదలవుతుంది. అర్థి ఎలా విన్నవించాడో అలాగే ప్రత్యర్థి ఎదుట రాయాలి అని. అర్థి వాది, ప్రత్యర్థి ప్రతివాది. ఈ జంట ఇవాళ ఎక్కడుందో చూడండి. అర్థి మన పద్యాల్లో యాచకుడై చెయ్యి చాచాడు. ప్రత్యర్థి కోర్టు వదిలిపెట్టి ఎన్నికల్లోకీ క్రికెట్ మైదానంలోకీ దూకాడు. చదువుతున్న విద్యార్థిలోనూ, టిక్కెట్టు దొరికిన అభ్యర్థిలోనూ అర్థి ఉన్నాడు గానీ కోర్టు మెట్ల మీద లేడు.

ఇక్కడ నాకిష్టమైన కవిని తలుచుకోకుండా ముందుకు పోలేను. పదమూడో శతాబ్దపు కేతన. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అప్పు, తాకట్టు, సాక్షి, పొలిమేర తగాదా, అన్నదమ్ముల పంపకం లాంటి వ్యవహారాలను ఛందస్సులో కూర్చోబెట్టడం ఎంత పనో, ఒక్క అద్దె ఒప్పందాన్ని ఆటవెలదిలో రాయబోతే మీకే తెలుస్తుంది. ఈ కేతనే దశకుమార చరిత్రను తిక్కనకు అంకితమిచ్చాడు. ఈ కేతనే ఆంధ్రభాషాభూషణం రాశాడు. తెలుగుకు తెలుగులో వచ్చిన మొదటి వ్యాకరణం అది. ధర్మశాస్త్రమూ శబ్దశాస్త్రమూ ఒకే చేతి మీదుగా తెలుగయ్యాయి. మనవాళ్ళు కేతనను తిక్కన పక్కన ఒక్క వాక్యంలో తేల్చేసి పరీక్షకు చదువుతారు. ఆయన ముట్టుకున్న మితాక్షరేమో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా మన ప్రాంతపు ఆస్తి పంపకాలను శాసించింది. ఆ చట్టం వచ్చాక కూడా ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో దాని మాట చెల్లింది. కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005 దాకా రాలేదు.

పంపకాల మాటొచ్చింది కాబట్టి దాయాది గురించి కూడా చెప్పాలి. దాయం అంటే వారసత్వపు ఆస్తి. దాన్ని తీసుకునేవాడు దాయాదుడు, అంటే వారసుడు. మన ఇళ్ళల్లో అతను పాలివాడై, చివరికి పగవాడికి పర్యాయపదమయ్యాడు. పాకిస్తానును "దాయాది దేశం" అని మన పత్రికలు రాస్తుంటే నాకు ముందు విసుగొచ్చేది. 1947 పంపకాలు గుర్తొచ్చాక ఊరుకున్నాను.

దేశిపదం కూడా ఈ తిరుగుడుకు అతీతం కాదు. తగవు "తగు" నుంచి వచ్చింది. పాత కావ్యాల్లో దానికి న్యాయం, ఔచిత్యం అని అర్థం. ఇప్పుడు పోట్లాట. న్యాయం కోసం వెళ్ళిన చోట జరిగేది పోట్లాటే అని మన పూర్వులకు ఎప్పుడు తట్టిందో గానీ, మాట మాత్రం పక్షం మార్చేసింది.

ఇక మీ రెండో ప్రశ్న. ఇక్కడ పత్రికలవాళ్ళను నేను వెనకేసుకురాలేను. అనుమానితుడు, నిందితుడు, దోషి – మూడూ మూడు మెట్లు. పోలీసులకు సందేహం కలిగితే అనుమానితుడు. నేరం చేశాడని పేరు ఎక్కితే నిందితుడు. కోర్టు విచారించి తేల్చాకనే దోషి. నేరస్థుడు ఈ చివరి మెట్టు మీదివాడే. "నేరస్థుడికి బెయిల్", "నేరస్థుణ్ణి రిమాండుకు తరలించారు" అని పొద్దునే చదివితే, తీర్పు ఈ విలేకరే చెప్పేశాడా అనిపిస్తుంది. దీనికి విరుగుడనుకుని కొందరు "ఆరోపణలు ఎదుర్కొంటున్న నిందితుడు" అంటున్నారు. నిందితుడంటేనే ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు. అన్నం భోజనం చేయడం లాంటిది ఇది.

చట్టం సాయం తీసుకుందామంటే అది మరో తమాషా. 1973 నాటి నేర ప్రక్రియా స్మృతిలో నిర్వచనాల పట్టిక ఉంది గానీ నిందితుడు అన్న మాటకు అందులో నిర్వచనం లేదు. 2024 జులై 1న దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ లేదు. పాత స్మృతి బెయిలబుల్ నేరమంటే ఏమిటో చెప్పి, బెయిలంటే ఏమిటో చెప్పకుండా యాభై ఏళ్ళు నడిచింది. కొత్త సంహిత ఆ లోటు తీర్చింది. ఫిర్యాదుకు మాత్రం రెండింటిలోనూ నిర్వచనం ఉంది. చర్య తీసుకోమని మేజిస్ట్రేటుకు నోటితోనో రాతతోనో చెప్పుకునేదే ఫిర్యాదు. పోలీసు నివేదిక అందులోకి రాదు. ఆ లెక్కన ఠాణాకు వెళ్ళి ఇచ్చేది ఫిర్యాదు కాదు, సమాచారం. ఎఫ్‌ఐఆర్‌ను ప్రథమ సమాచార నివేదిక అనడం అందుకే. అలాగని "పోలీసులకు ఫిర్యాదు చేశాడు" అనే వాక్యాన్ని కొట్టేయమని నేననను. వాడుక వేరు, చట్టపు నిర్వచనం వేరు. వకీలు రాసే కాగితంలో తేడా పాటించాలి, పత్రికలో అంత పట్టింపు అక్కరలేదు.

ముద్దాయి సంగతి కూడా అలాంటిదే. క్రిమినల్ కేసులో కోర్టు ముందు నిలబడ్డవాణ్ణి ముద్దాయి అనవచ్చు. ఠాణా దశలో నిందితుడు మేలని నాకనిపిస్తుంది గానీ, రెండూ కలిపి వాడేవాళ్ళను తప్పుపట్టేంత గీత వాడుకలో లేదు. సివిలు దావాలో మాత్రం ప్రతివాదే. పొలం గట్టు కేసులో ఎదుటి రైతును ముద్దాయి అని రాస్తే అతను మీ మీద పరువునష్టం వేసినా వేస్తాడు. ఉర్దూ మాస్టారితో మాట్లాడేటప్పుడు ఆయన అర్థంలోనే వాడండి, గొడవ ఉండదు.

"ముద్దాయిరాలు" వద్దు. ఫిర్యాది, వాది, సాక్షి, దోషి లాగే ముద్దాయికీ తెలుగులో ఆడా మగా తేడా లేదు. "ముద్దాయి చెప్పింది", "ముద్దాయి చెప్పాడు" అని క్రియలోనే తేలిపోతుంది. ఆ చిక్కు నిందితుడికే ఉంది కాబట్టి అక్కడ నిందితురాలు అనండి.