బొమ్మపై రాసిన రివ్యూకు పరువు నష్టం నోటీసు వస్తే

ప్రశ్న: మాది హనుమకొండ. మా ఆరేళ్ల బాబు పుట్టినరోజుకు ఆన్‌లైన్‌లో రూ.2,799 పెట్టి లారీగా మారే రోబో బొమ్మ కొన్నాను. అమ్మకందారుది ఢిల్లీ. ప్రకటనలో ఒక పేరున్న కంపెనీ గుర్తు చూపించారు, వచ్చిన పెట్టె మీద మాత్రం వేరే పేరు ఉంది. ఆరేళ్లు నిండిన పిల్లలకు అని రాశారు గానీ ఐఎస్‌ఐ గుర్తు ఎక్కడా లేదు. తొమ్మిదో రోజున, మూడోసారి రోబోను లారీగా మారుస్తుండగా భుజం కీలు విరిగి లోపలి ఇనుప పిన్ను బయటికి పొడుచుకొచ్చింది. బాబు వేలు గీసుకుపోయింది. ఏడు రోజుల గడువు దాటిందని వాపసు తీసుకోలేదు. ఫొటోలతో రివ్యూ రాసి, నాలుగు నిమిషాల వీడియో కూడా పెట్టాను. 'కీలు నాసిరకం, మూడోసారికే విరిగింది, ఇది నకిలీ సరుకు, వీళ్లు దొంగలు' అన్నాను. ఇప్పుడు ఏడు రోజుల్లో అన్నీ తొలగించి క్షమాపణ చెప్పాలని, లేకుంటే రూ.5 లక్షలకు పరువు నష్టం దావాతో పాటు పోలీసు కేసు కూడా పెడతామని లాయరు నోటీసు వచ్చింది. అదే వారంలో ఫోన్ చేసి, రివ్యూ తీసేసి ఐదు నక్షత్రాలు ఇస్తే డబ్బు మొత్తం వాపసిచ్చి పైన రూ.500 ఇస్తామన్నారు. నేనేం చేయాలి?

జవాబు: మీరు రివ్యూను తొలగించనవసరం లేదు, అందులోని రెండు మాటలను మాత్రం ఈ రోజే మార్చండి. మీరు కళ్లారా చూసి, చేతిలో ఉన్న వస్తువుతో రుజువు చేయగల సంగతి ఎంత కటువుగా ఉన్నా చట్టం మీకు అండగా ఉంటుంది. చూడని సంగతిని అవతలి మనిషి గుణానికి అంటగట్టినప్పుడు ఆ అండ పలచబడుతుంది. 'కీలు మూడోసారికే విరిగింది' అన్నది బొమ్మ గురించిన మాట, దానికి విరిగిన బొమ్మే సాక్ష్యం. 'కీలు నాసిరకం' అన్నది కొనుగోలుదారుగా మీ అభిప్రాయం, అలా అనుకోవడానికి ఆధారం మీ ఫొటోల్లోనే ఉంది. 'వీళ్లు దొంగలు' అన్నదానికి మాత్రం న్యాయస్థానంలో మీరు చూపగలిగేది ఏమీ లేదు. అది మీ కోపం. బిడ్డ వేలికి రక్తం వచ్చినప్పుడు ఏ తల్లికైనా తండ్రికైనా ఆ కోపం రావడం సహజమే, కానీ వాళ్ల నోటీసుకు ఎక్కువ ఊతమిస్తున్నది ఆ మాటే, దాన్ని తీసేయండి.

ముందుగా పోలీసు కేసు బెదిరింపు సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో ఎక్కువ భయం దాని గురించే కనిపించింది. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ శిక్షగా విధించవచ్చు. అయితే ఇది పోలీసులు నేరుగా కేసు కట్టి అరెస్టు చేయగల నేరం కాదు. నష్టపోయానని చెప్పే వ్యక్తి స్వయంగా మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు వేయాలి, నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షన్ ప్రకారం మీ వాదన వినే అవకాశం ఇవ్వకుండా మేజిస్ట్రేటు ఆ ఫిర్యాదును విచారణకు స్వీకరించకూడదు. పైగా 356వ సెక్షన్‌లోనే మినహాయింపులు ఉన్నాయి. లోకహితం కోసం చెప్పిన నిజం నేరం కాదు. తన ప్రయోజనాన్నో ఇతరుల ప్రయోజనాన్నో కాపాడటానికి సద్బుద్ధితో చేసిన ఆరోపణ నేరం కాదు. ఇతరుల మేలు కోరి చేసిన హెచ్చరిక నేరం కాదు. పిన్ను పొడుచుకొస్తుంది జాగ్రత్త అని తోటి తల్లిదండ్రులకు చెప్పడం ఈ మినహాయింపుల్లోకి చక్కగా వస్తుంది.

సివిల్ దావా విషయంలో రెండు హైకోర్టుల ఉత్తర్వులను పక్కపక్కన పెట్టి చూస్తే మీ స్థానం స్పష్టమవుతుంది. 2020 జనవరిలో ఒక యూట్యూబ్ రివ్యూకారుడు కొబ్బరినూనెపై చేసిన వీడియోను, అందులోని ఆరోపణలకు తగిన ఆధారం, జాగ్రత్త లేవని బొంబాయి హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం తొలగించమంది. ఆ ఉత్తర్వు మీద అప్పీలు కూడా నడిచింది. 2025 ఏప్రిల్‌లో ప్రొటీన్ పొడులపై వచ్చిన రివ్యూలను ఆపాలని తయారీ సంస్థ కోరితే ఢిల్లీ హైకోర్టు మధ్యంతర నిషేధాజ్ఞకు నిరాకరించింది, ఎందుకంటే ఆ రివ్యూల వెనుక ప్రయోగశాల పరీక్షల నివేదికలు ఉన్నాయి. రెంటికీ మధ్య ఉన్న తేడా రుజువు చేతిలో ఉండటం, లేకపోవడం. అంతకు ముందు 2024 మార్చిలో వార్తా సంస్థ బ్లూమ్‌బర్గ్, టీవీ సంస్థ జీ మధ్య వచ్చిన వివాదంలో సుప్రీంకోర్టు, విచారణ జరగకముందే ప్రచురణను ఆపే ఉత్తర్వులు అరుదైన సందర్భాల్లో తప్ప ఇవ్వరాదని చెప్పింది. కాబట్టి వాళ్లు దావా వేసినా మీ రివ్యూ మర్నాడే మాయమైపోదు. వెబ్‌సైటు కూడా అమ్మకందారు నోటీసు పంపినంత మాత్రాన తీసేయవలసిన పని లేదు. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం అలాంటి బాధ్యత రావాలంటే కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ ఆదేశమో ఉండాలి.

మార్చవలసిన రెండో మాట 'నకిలీ'. వాహనంగా మారే రోబో బొమ్మ అనగానే చాలామందికి ట్రాన్స్‌ఫార్మర్స్ పేరే గుర్తొస్తుంది. 1984లో అమెరికా కంపెనీ హాస్‌బ్రో, జపాన్‌కు చెందిన తకారా సంస్థ అంతకుముందు చేసిన డయాక్లోన్, మైక్రోమ్యాన్ వరుసల బొమ్మలను ఆ పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. కానీ లారీగా మారినంత మాత్రాన ప్రతి బొమ్మా దానికి నకలు కాదు. అలాంటి బొమ్మను సొంత పేరుతో చేసి అమ్మే సంస్థలు వేరే ఉన్నాయి. ఇతరుల వాణిజ్య గుర్తును వాడి కొనేవాళ్లను భ్రమపెట్టారా అన్నదే తేలవలసిన విషయం, అది తేల్చవలసింది కోర్టు. అందుకే తీర్పు మీరు చెప్పకండి, చూసింది చెప్పండి. 'ప్రకటనలో ఫలానా కంపెనీ గుర్తు ఉంది, వచ్చిన పెట్టె మీద ఆ గుర్తు లేదు, వేరే పేరు ఉంది' అని రాసి రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టండి. చదివినవాళ్లకు విషయం అర్థమవుతుంది, మీ మీద నిందా రాదు. రివ్యూలో కంపెనీ పేరు వాడకూడదని నోటీసులో ఉంటే దాన్ని పట్టించుకోకండి. వస్తువు ఎవరిదో గుర్తించడానికి నిజాయితీగా పేరు వాడటాన్ని 1999 వాణిజ్య గుర్తుల చట్టం 30వ సెక్షన్ అనుమతిస్తుంది. రివ్యూ సవరించే ముందు పాత రూపాన్ని తేదీతో సహా భద్రపరచుకోండి. సవరించడం తప్పు ఒప్పుకోవడం కాదు.

ఇక అసలు వాదన జరిగేది వేరే చోట. మామూలు బొమ్మ విరిగితే లోపం కనిపించిపోతుంది. మారే బొమ్మ విరిగితే అమ్మకందారు మొదట అనే మాట 'మీరు తప్పుగా తిప్పారు' అని. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఈ బొమ్మల్లో చేతులు, కాళ్లు, తలుపులు అన్నీ కీళ్ల మీద, బంతి అతుకుల మీద, ఒకదానిలో ఒకటి ఇమిడే చిన్న నాలుకల మీద ఆధారపడి ఉంటాయి. సూచనల కాగితంలో చెప్పిన వరుస తప్పి, మోకాలు మడవకముందే భుజం తిప్పితే మంచి బొమ్మ కూడా విరుగుతుంది. కాబట్టి మీ వీడియోలో రెండు సంగతులు కనిపించాలి: సూచనల కాగితంలోని ఏ అంకె దగ్గర ఉండగా విరిగింది, విరిగిన చోటు ఎలా ఉంది. ప్లాస్టిక్‌ను బలవంతంగా వంచినప్పుడు ఆ చోట తెల్లగా పాలిపోయిన గీతలు పడుతుంటాయి. మీ బొమ్మ కీలు చుట్టూ అలాంటి గీతలు లేకుండా, పిన్ను రంధ్రం దగ్గర గోడ పలచగా ఉండి చిట్లినట్టు ఉంటే దగ్గరి నుంచి తీసిన ఫొటోలు మీ వాదనకు బలమవుతాయి. రెండో భుజం విరగలేదు కదా, దాన్ని కూడా చూపించండి. అక్కడా సన్నని పగులు మొదలై ఉంటే అది మీ చేతి పొరపాటు కాదని చాలావరకు తేలినట్టే. ఒకవేళ తెల్లని గీతలు ఉన్నట్లయితే దాచకండి. ఆరేళ్ల పిల్లలకని అమ్మిన బొమ్మ ఆరేళ్ల చేతుల మోటుతనాన్ని తట్టుకోవాలన్న వాదన అప్పుడూ నిలుస్తుంది. లోపం ఉందో లేదో పరీక్ష లేకుండా తేలదనుకుంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ వస్తువుకు సీలు వేయించి ప్రయోగశాలకు పంపగలదు.

ఐఎస్‌ఐ గుర్తు లేకపోవడం చిన్న సంగతి కాదు. 2020లో కేంద్రం ఇచ్చిన బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకోవడానికి ఉద్దేశించిన బొమ్మను ఐఎస్‌ఐ గుర్తు లేకుండా తయారు చేయడం, దిగుమతి చేయడం, అమ్మడం కుదరదు. మొనలు, పదునైన అంచులు, ఊడిపోయే చిన్న భాగాల పరీక్షలు ఐఎస్ 9873 ప్రమాణంలో ఉన్నాయి. బ్యాటరీతో వెలిగే బొమ్మ అయితే ఐఎస్ 15644 కూడా వర్తిస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన మన కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మల వంటివాటికి ఈ ఉత్తర్వు నుంచి మినహాయింపు ఉంది గానీ, కర్మాగారంలో తయారైన ప్లాస్టిక్ రోబోకు లేదు. 'ఇది పెద్దలు దాచుకునే బొమ్మ' అని వాళ్లు తప్పించుకోలేరు, పెట్టె మీద ఆరేళ్లు అని వాళ్లే రాశారు. 2016 నాటి భారతీయ ప్రమాణాల సంస్థ చట్టం ప్రకారం ఈ ఉల్లంఘనకు రెండేళ్ల వరకు జైలు గానీ, మొదటి తప్పుకు రూ.2 లక్షలకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ సంస్థకు చెందిన బీఐఎస్ కేర్ యాప్‌లో మీరే ఫిర్యాదు చేయవచ్చు. నా అభిప్రాయంలో మీ రివ్యూలో అన్నిటికన్నా పైన ఉండవలసిన వాక్యం 'పెట్టె మీద ఐఎస్‌ఐ గుర్తు లేదు' అన్నదే. అందులో విశేషణం ఒక్కటీ లేదు, అయినా ఆ వాక్యానికి వాళ్ల దగ్గర జవాబు ఉండదు.

ఫోన్‌లో వచ్చిన ప్రతిపాదనకు ఒప్పుకోకండి. వాపసు డబ్బు వాళ్లు చేసే ఉపకారం కాదు. 2020 ఈ-కామర్స్ నియమాల్లో 6వ నియమం ప్రకారం లోపమున్న వస్తువును గానీ, ప్రకటనలో చూపినట్టు లేని వస్తువును గానీ వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగివ్వడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. మీ బొమ్మకు ఆ రెండూ వర్తిస్తాయి. ఏడు రోజుల గడువు మీకు రంగు నచ్చకపోయిన సందర్భానికి పనికొస్తుందేమో గానీ పిన్ను పొడుచుకొచ్చిన సందర్భానికి కాదు. ఇక ఐదు నక్షత్రాల మాటకు వస్తే, డబ్బు తీసుకుని మీరు నమ్మని మెచ్చుకోలు రాస్తే దాన్ని చూసి ఇంకో ఇంట్లో ఇంకో పిల్లవాడికి అదే బొమ్మ కొంటారు. ఆన్‌లైన్ రివ్యూలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. అది పాటించడం స్వచ్ఛందమే అయినా, అమ్మకందారే కొనుగోలుదారు వేషంలో రివ్యూ రాయడాన్ని ఈ-కామర్స్ నియమాలు నేరుగా నిషేధించాయి. ఆ ఫోన్ సంభాషణ రికార్డయి ఉంటే భద్రపరచండి, లేకుంటే 'మీరు ఫలానా తేదీన ఫోన్‌లో ఇలా అన్నారు' అని ఈ-మెయిల్ పంపి జవాబు అడగండి.

ఇక నోటీసుకు ఏడు రోజుల లోపు స్పీడ్ పోస్టులో జవాబివ్వండి. మనుషుల మీద అన్న మాటను తొలగించామని, బొమ్మ గురించి రాసిన ప్రతి వాక్యం ఫొటోలతో సహా నిజమని, ఐఎస్‌ఐ లైసెన్సు నంబరు ఉంటే తెలపాలని, పదిహేను రోజుల్లో రూ.2,799 తిరిగివ్వాలని అందులో రాస్తే చాలు. క్షమాపణ అన్న పదం అక్కర్లేదు. వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారికి కూడా ప్రతి పంపండి, 48 గంటల్లో అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించడం ఆయన విధి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే అమ్మకందారు ఢిల్లీలో ఉన్నాడని వెనుకాడకండి, మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ కింద ఫిర్యాదు వేయవచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల కాలపరిమితి ఉంది. బొమ్మ ధరతో పాటు బాబు గాయానికి, మీ మనోవేదనకు పరిహారం, ఖర్చులు కోరండి. వేలికి చూపించిన ఆసుపత్రి చీటీ ఉంటే జతచేయండి.

ఒక్క జాగ్రత్త మిగిలింది. బాబు అడిగాడని ఆ చేతిని జిగురుతో అతికించకండి. విరిగిన ముక్కలు, ఊడిన పిన్ను, సూచనల కాగితం, పెట్టె, దాని మీద దిగుమతిదారు చిరునామా ఉన్న చీటీ, బిల్లు అన్నీ ఒకే సంచిలో వేసి పిల్లలకు అందని చోట పెట్టండి. కమిషన్ పరీక్షకు పంపమంటే పంపవలసింది వాటినే.