ఐరిసిన్ గురించి రాసే ముందు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది. 'వ్యాయామం చేస్తే రక్తంలో ఐరిసిన్ పెరుగుతుందని తేలింది' అన్న చోట మాత్రం ఆగిపోయాను. దేంతో కొలిచారు? అసలు కథంతా అక్కడే ఉంది, నువ్వు దాన్నే వదిలేశావు.

2012లో బోస్టన్‌లో బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం ఈ ప్రొటీన్ సంగతి బయటపెట్టింది. కండరంలోని ఎఫ్ఎన్‌డీసీ5 అనే ప్రొటీన్ తెగి, ఐరిసిన్ అనే ముక్క రక్తంలో చేరి, శక్తిని దాచుకునే తెల్ల కొవ్వుకు, దాన్ని వేడిగా ఖర్చు చేసే గోధుమ రంగు కొవ్వు గుణాలు తెస్తుందని చెప్పింది. ఇక కొలిచే కిట్లు మార్కెట్లోకి వచ్చాయి. ఒక్కోటి ఒక్కో లెక్క చెప్పింది. 2015లో మరో బృందం ఆ కిట్లలోని యాంటీబాడీలను, అంటే ఐరిసిన్‌ను పట్టుకోవాల్సిన అణువులను పరీక్షిస్తే, అవి రక్తంలోని వేరే ప్రొటీన్లకు అతుక్కుంటున్నాయి. ప్రొటీన్లను బరువును బట్టి విడదీసి చూస్తే, ఐరిసిన్ ఉండాల్సిన చోట బ్యాండే, అంటే ప్రొటీన్ ఉన్నట్టు చూపే గీతే లేదు.

కిట్‌లో రంగు ఎంత వచ్చిందో చూసి అంకె రాసుకుంటారు. ఆ రంగు ఎవరిదో కనపడదు. వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్షలో ప్రొటీన్లు బరువును బట్టి విడిపోయాక యాంటీబాడీ తగిలిస్తారు కాబట్టి, అది దేనికి అతుక్కుందో కాస్త చూడొచ్చు. ఐరిసిన్‌లో 112 అమైనో ఆమ్లాలు. అతుక్కున్న చక్కెర గొలుసులు తీసేస్తే బరువు దాదాపు 12 కిలోడాల్టన్లు. బ్లాట్ బొమ్మ అంచున, తెలిసిన బరువులను చూపే మార్కర్ గీతలతో బ్యాండును పోల్చి చూడు. ఎఫ్ఎన్‌డీసీ5 జీన్ తీసేసిన ఎలుక నమూనా పక్క వరుసలో ఉందా? అందులోనూ అదే బ్యాండు వస్తే, ఒకరి పేరు పెట్టి పిలిస్తే ఇంకొకరు పలికినట్టే. పేపర్లో సన్నని ముక్కగా కత్తిరించిన బ్లాటే ఉంటే, అనుబంధంలో పూర్తి బొమ్మ వెతుకు.

అలాగని 'ఐరిసిన్ అబద్ధం' అని మాత్రం రాయకు. అదే 2015లో స్పీగెల్‌మన్ బృందం యాంటీబాడీని పక్కనపెట్టి, అణువుల ముక్కలను బరువు తూచి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమెట్రీతో మనుషుల రక్తంలో కొలిచింది. వ్యాయామం లేనివాళ్లలో మిల్లీలీటరుకు దాదాపు 3.6 నానోగ్రాములు, శిక్షణ పొందినవాళ్లలో 4.3. ఉన్నది చాలా కొంచెం, తేడా ఇంకా కొంచెం. తాము కనిపెట్టినదాన్ని తామే మరో దారిలో మళ్లీ కొలవడం నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది. నీ వ్యాసానికి అదే వెన్నెముక కావాలి.

ఆ వాక్యం తీసేసి, కొలిచిన పద్ధతి చేర్చి పంపు. నువ్వు ఆధారం చేసుకున్న పేపర్లో యాంటీబాడీ కేటలాగ్ నంబరు లేకపోతే, రాసిన శాస్త్రవేత్తకే మెయిల్ పెట్టి అడుగు.