పాతకాలం పద్ధతిలో ఇల్లు కడితే ఖర్చు నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది, మేస్త్రీ ఒప్పుకుంటే. మట్టితోనా, ఇటుకతోనా అన్నది తర్వాతి మాట.

మాది బేతంచెర్ల దగ్గర పల్లె. నాపరాయికి కరువులేని చోటు. పెద్దలు కట్టిన మిద్దెకు రాతి గోడలు, దూలాల మీద బండలు, ఆపైన మందంగా చౌడు మన్ను. వానలకు ముందు కొత్త చౌడు పరిచి తొక్కితే చుక్క కారేది కాదు. మే నెల మధ్యాహ్నం కూడా లోపల కునుకు పట్టేది. వెలుతురుకు పైన గవాచి ఉండేది. చినుకు పడగానే దాన్ని మూయడానికి పిల్లల్ని మిద్దె ఎక్కించేవాళ్ళు.

ఇవాళ ఆ దూలాలకు కలప ఎవరు కొంటారు? అందుకే నేను తక్కువ ఖర్చు ఇళ్ళకు పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ దారి పట్టాను. ఆయన హిమాలయాల్లోని పితోరాగఢ్ కొండల్లో ఊరివాళ్ళు కట్టుకునే ఇళ్ళు చూసి నేర్చుకున్నారు. తిరువనంతపురంలో 1970ల్లో ఆయన కట్టిన ఇటుక గోడలు ప్లాస్టరింగ్ లేకుండానే ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఆయన వాడిన కట్టుబడిని ర్యాట్ ట్రాప్ అంటారు. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెడితే గోడ మధ్యలో ఖాళీ వస్తుంది. ఇటుక దాదాపు పాతిక శాతం మిగులుతుంది, వేడి కూడా తొందరగా లోపలికి దిగదు.

మా మేస్త్రీ రెండు వరసలు పెట్టి తాపీ పక్కన పడేశాడు. "అన్నా, ఇది గోడా, పావురాల గూడా? రేపు కూలితే జనం నా పేరే చెప్తారు." వాదించి లాభం లేదు. ఓ మూల మోకాలెత్తు గోడ కట్టించి, వారం నీళ్ళు కొట్టించి, ఆయన్నే ఎక్కమన్నాను. ఎక్కాడు, గెంతాడు. దిగి బీడీ ముట్టించి, "సరే, మరి కరెంటు పైపులో?" అన్నాడు. అవి ఆ ఖాళీలోంచే పోయాయి. కట్టిన గోడను మళ్ళీ ఉలితో చెక్కే గోల లేదు.

స్లాబు సంగతీ అంతే. అడుగు భాగంలో లాగుడంతా ఇనుమే చూసుకుంటుంది, కాంక్రీటు అక్కడ ఉత్త బరువు. ఊళ్ళో పడగొట్టిన ఇళ్ళ మంగళూరు పెంకులు ఆ చోట ఇరికించాం.

నన్నడిగితే అసలు డబ్బు తగలబెట్టేది ప్లాస్టరింగ్, పుట్టీ, ముందువైపు ఎలివేషన్. అవి మానేసేసరికి గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు "డబ్బులు చాలక ఆపేశారా?" అన్నారు. లోన్ కోసం చూడ్డానికొచ్చిన ఇంజనీరైతే పని పూర్తికాలేదని రాసి చివరి విడత ఆపించాడు. అదే రిసార్టువాళ్ళు ఇలాంటి గోడల మధ్య పడుకోబెట్టి రాత్రికి వేలు గుంజితే మాత్రం ఫొటోలు దిగుతారు!

కట్టేట్టయితే ముందు బట్టీకి మీరే వెళ్ళండి. వంకర ఇటుకతో ఈ గోడ కుదరదు. రెండిటుకలు కొట్టి చూడండి, ఖంగుమనాలి.