పెద్దవాళ్ల చేతిలో పెట్టే యాప్ గురించి మనవడికి

చిరంజీవికి తాతయ్య ఆశీస్సులు.

ప్రభుత్వ సేవల యాప్ తయారుచేసే పని నీకు అప్పగించారని, అందులో వృద్ధులకు ఏది సులువో ఏది కష్టమో రాసి పంపమని అడిగావు. నేను ఖజానా శాఖలో పనిచేసిన రోజుల్లో నవంబరు వచ్చిందంటే పింఛనుదారులు తాము బతికే ఉన్నామని చూపే జీవన ప్రమాణ పత్రాలు పట్టుకుని వరండాలో బారులు తీరేవారు. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతి వచ్చి వేలిముద్రతో ఆ పని జరగడం, కొబ్బరికాయలు వలిచీ వరికోతలు కోసీ అరిగిపోయిన వేళ్లను యంత్రం గుర్తించకపోవడం, 2021లో ముఖ గుర్తింపు తోడయ్యాక కొంత ఊరట కలగడం అన్నీ చూశాను. ఇప్పుడు మన అరుగు మీద కూర్చుని ఇరుగుపొరుగు వాళ్లకు ఫోన్లలో అవే పనులు చేసిపెడుతున్నాను.

పెద్దవాళ్లకు అర్థం కాదని మీ కుర్రవాళ్లు అనుకుంటారు. నేను చూసినంతలో వాళ్లను ఆపేది భయం. పొరపాటున ఏదైనా నొక్కితే పింఛను ఆగిపోతుందేమోనని, బ్యాంకులో డబ్బు పోతుందేమోనని వేలు తెరకు అంగుళం దూరంలో ఆగిపోతుంది. కాబట్టి ప్రతి తెర మీదా వెనక్కి వెళ్లే దారి ఒకే చోట, ఒకే మాటతో కనిపించాలి. వెనక్కి వెళితే అంతవరకు నింపినది చెరిగిపోకూడదు. చివర పంపే ముందు నింపినదంతా ఒక్కసారి చూపించి, ‘ఇంకా ఏమీ పంపలేదు, మార్చుకోవచ్చు’ అని తెలుగులో చెప్పాలి. పంపిన తరువాత తిరుగుతూ ఉండే చక్రాన్ని చూపించి ఊరుకోవద్దు. దరఖాస్తు ఏ తేదీన అందిందో, నంబరు ఎంతో, తరువాత ఎవరు చూస్తారో రాసి, అదే సంగతి మెసేజీగా కూడా పంపాలి, ఎందుకంటే కాగితం మీద రసీదు చూసి గుండె కుదుటపరచుకున్న తరం ఇది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులంటే మొదటి వరద హెచ్చరిక, 13.75 అంటే రెండోది, 17.75 అంటే మూడోది అని నది నడుమ లంక గ్రామాల్లో చదువురాని వాళ్లు కూడా చెబుతారు, ఎప్పుడు సామాను సర్దుకోవాలో ఎప్పుడు పడవ ఎక్కాలో ఆ అంకెలను బట్టే తేల్చుకుంటారు. నీ యాప్ చెప్పే మాట కూడా అంత తేటగా, తరువాత ఏం చేయాలో తెలిసేటట్టు ఉండాలి. ‘లోపం సంభవించింది’ అనే వాక్యం ఎవరికీ దారి చూపదు.

కంటి సంగతి నీకు కొలతల్లోనే చెబుతాను. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని, వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండేందుకు పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెబుతుంది. శుక్లాలు ముదిరిన కంటికి, అందులోనూ ఎండలో అరుగు మీద, అది కూడా చాలదు. తెలుపు మీద నలుపే మేలు. మీట 24 పిక్సెళ్లుంటే చాలని అదే ప్రమాణం అంటుంది గాని, వణికే వేలికి ఆండ్రాయిడ్ వాళ్లు సూచించే 48ని పట్టుకో. మరొక విషయం, ఇంగ్లీషులో తయారైన తెరకు తెలుగు అతికిస్తే పైన గుడులు, కింద వత్తులు కత్తిరించుకుపోతాయి. వరుసల మధ్య ఎడం పెంచు. ఫోనులో అక్షరాల పరిమాణం ఆఖరి మెట్టుకు పెంచి నీ యాప్ ఒకసారి తెరిచి చూడు. మన వాళ్ల ఫోన్లన్నీ అలాగే ఉంటాయి, నాకు తెలిసిన ఒక యాప్‌లో అప్పుడు ‘పంపండి’ అనే మీట తెర కిందికి జారి అసలు కనబడదు.

పుట్టిన తేదీకి క్యాలెండరు పెట్టవద్దు. ఈ నెల దగ్గర తెరుచుకునే క్యాలెండరులో 1948కి వెళ్లాలంటే ఎన్నిసార్లు జరపాలో లెక్క వేసుకో. మూడు గళ్లు ఇస్తే అంకెలు కొట్టేస్తారు. పేరును రెండు ముక్కలు చేసి అడగవద్దు, ఇంటిపేరు ముందు రాసే మనకు ఏది ఎక్కడ వేయాలో ఎప్పటికీ తేలదు.

ఓటీపీ దగ్గరే నేను ఎక్కువమందిని వెనక్కి పంపవలసి వచ్చింది. ఆధార్‌కు ఇచ్చిన నంబరు కువైట్‌లో ఉన్న కొడుకుదో కూతురిదో అయి ఉంటుంది. వాళ్లు పనిలోంచి ఫోను తీసి అంకెలు చెప్పేలోగా గడువు తీరిపోతుంది. పైగా ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకు వాళ్లు నూరిపోసి ఉన్నారు, ఆ జాగ్రత్తను నువ్వు తప్పు పట్టకూడదు. ఆ అంకెలు ఏ పనికో, ఆ యాప్‌లో తప్ప ఇంకెక్కడా చెప్పకూడదనీ మెసేజీలోనే తెలుగులో రాయించు, గడువు పెంచుకునే వీలు ఉంచు. వరదల్లో కరెంటు, సిగ్నలు పోయి మళ్లీ వచ్చాక ఆగిన చోటినుంచే కొనసాగేటట్టు చూడు.

ఎంత చేసినా చాలామంది మనవల చేతనో గ్రామ సచివాలయంలోనో చేయించుకుంటారు. దాన్ని ఓటమిగా చూడకుండా, సాయం చేసేవాడు తన ఫోనులోంచే పని చేసే మార్గం పెట్టు, అయితే ఏం చేశాడో అసలు మనిషికి మెసేజీ వెళ్లాలి. 2025 జనవరిలో మన రాష్ట్రం సేవలను వాట్సాప్‌లో ‘మన మిత్ర’గా తెచ్చినప్పుడు నాకు నచ్చినది, అప్పటికే చేతికి అలవాటైన చోటికే పని రావడం.

కార్తీకంలో ఇంటికి వచ్చేటప్పుడు సగం తయారైనదే తీసుకురా. నలుగురిని అరుగు మీదికి పిలుస్తాను. వాళ్ల చేతిలో ఫోను పెట్టాక నువ్వు పక్కన కూర్చుని ఒక్క మాట కూడా అందించకుండా, వేలు ఎక్కడెక్కడ ఆగిందో రాసుకో.

ఆశీస్సులతో,
తాతయ్య