హూటర్ వైరు

కట్టమంచి,
చిత్తూరు

చిట్టీ,

మామయ్య ఆశీస్సులు. 2038 తేదీ గొడవకి తిరుపతిలో మీ క్యాంపస్ బిల్డింగులన్నీ సిద్ధం చేసే పని నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. సంతోషమూ, దిగులూ రెండూ.

నీకు తెలిసిందే. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టుకునే 32 బిట్ల యంత్రాలకి 2038 జనవరి 19న, మన టైం ఉదయం 8:44:07 దాటగానే లెక్క నిండిపోయి తేదీ 1901కి వెళ్లిపోతుంది. మంగళవారం, పిల్లలు క్లాసులకి వెళ్లే వేళ. ఆఫీసు కంప్యూటర్లను పట్టించుకునేవాళ్లు చాలామంది ఉంటారు. నువ్వు గోడకున్న పెట్టెలు చూడు: జనరేటర్ ప్యానెల్, కార్డు తలుపులు, ఫైర్ అలారం. ఒక కార్డుకి 2040 దాకా గడువు వేసి చూడు, తేడా ఉంటే ఇవాళే బయటపడొచ్చు. ‘ఏ ఇబ్బందీ రాదు’ అని కంపెనీ ఇచ్చిన కాగితం ఫైల్లో పెట్టి, తేదీ మార్చి నీ కళ్లతో చూసుకో.

ఇక నేను చేసిన తప్పు. 1999 నవంబర్, వై2కె టెన్షన్. 2000 రాగానే యంత్రాల తేదీలు తప్పుతాయని అప్పట్లో భయం. నేను పనిచేసిన క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్ అలారం ప్యానెల్‌ని డిసెంబర్ 31 రాత్రి 11:58కి పెట్టాను. చదువుకునే పిల్లలు ఉలిక్కిపడతారని ముందే హూటర్ వైరు విప్పి, కొసకి నల్ల టేపు చుట్టాను. పన్నెండు దాటింది, 2000 సరిగ్గానే వచ్చింది. ఫిబ్రవరి 29 కూడా చూశాను. అసలు తేదీ తిరిగి పెట్టి, రిజిస్టర్లో ఓకే రాశాను. బయట వాన, కడుపులో ఆకలి. టీకి వెళ్లిపోయాను. వైరు బిగించలేదు.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున రెండో అంతస్తులో ఒకమ్మాయి బకెట్లో హీటర్ కాయిల్ పెట్టి మరిచిపోయింది. ప్లాస్టిక్ కరిగి వరండా అంతా పొగ. ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలిగింది, చప్పుడు లేదు. ముసలి వాచ్‌మన్ వాసన పసిగట్టి, తలుపు తలుపూ బాది అందరినీ కిందికి దింపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. నేను వెళ్లేసరికి పిల్లలు దుప్పట్లు కప్పుకుని వానలో నిలబడి ఉన్నారు. ప్యానెల్ తెరిస్తే నేను చుట్టిన టేపు అలాగే ఉంది. అప్పుడు నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు. ఆ పూట మీ అమ్మ ఎంత అడిగినా నాకు ముద్ద దిగలేదు.

అందుకే చెబుతున్నాను. ఏ వైరు విప్పినా దాని స్క్రూ జేబులో వేసుకో. మరిచిపోయినా, బట్టలు మార్చుకునేటప్పుడు చేతికి తగులుతుంది. పని అయ్యాక హూటర్ మోగించి చెవులారా విను, పిల్లలు విసుక్కుంటే విసుక్కోనీ. తినకుండా ప్యానెల్ ముట్టుకున్నావంటే ఊరుకోను! ఆకలేస్తే నీకు చేతులొకచోట, మనసొకచోట. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను తల్లీ.

హాస్టల్‌కి వెళ్లే రోజు ఏదో ముందే ఫోన్ చెయ్యి. మొదటి బస్సుకి వచ్చేస్తాను. నువ్వు ప్యానెల్ దగ్గరుండు, నేను రెండో అంతస్తులో నిలబడి వింటాను.

మీ మామయ్య